చేలో పత్తి, చెక్కు గోధుమకు: అమెరికా కౌంటీలో సబ్సిడీ లెక్క

డాలస్ నుంచి కాన్సస్ సిటీకి కారులో వెళ్లేవాళ్లు ఐ-35 మీద ఓక్లహోమా దాటగానే కాన్సస్ రాష్ట్రంలోని సమ్నర్ కౌంటీలో అడుగుపెడతారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. జూన్ నడిమికి అక్కడ కంబైన్లు పగలూ రాత్రీ తిరుగుతుంటాయి, గోధుమ లారీలు ఎలివేటర్ల ముందు, అంటే ధాన్యం కొని నిలవచేసే గోదాముల ముందు, బారులు తీరతాయి. 'ప్రపంచ గోధుమ రాజధాని' అనేది ఆ కౌంటీ తనకు తానే తగిలించుకున్న బిరుదు. కౌంటీ కేంద్రం వెల్లింగ్టన్. మైలుకో రోడ్డు చొప్పున నేలంతా గళ్లుగళ్లుగా కోసి ఉంటుంది. ఒక్కో గడి 640 ఎకరాల సెక్షన్, అందులో నాలుగోవంతు 160 ఎకరాల క్వార్టర్. అక్కడి రైతు తన పొలం ఎంతో చెప్పేటప్పుడు ఎకరాల్లో చెప్పడు, ఇన్ని క్వార్టర్లని చెబుతాడు.

దక్షిణ కాన్సస్‌లో గోధుమతోపాటు ఇప్పుడు సోయా, జొన్న, పత్తి కూడా వేస్తున్నారు. ఒక క్వార్టర్‌లో ఈ ఏడాది మొత్తం పత్తే ఉన్నా, దానిమీద ప్రభుత్వం నుంచి గోధుమ లెక్కన డబ్బు పడవచ్చు. ఏ పంటా వేయకుండా, కలుపు పెరగనీయకుండా చూసుకుంటూ ఖాళీగా ఉంచినా పడవచ్చు. పక్క క్వార్టర్‌లో ఏటా గోధుమ పండించేవాడికి పైసా రాకపోవచ్చు. ఇందులో మోసమేమీ లేదు, చట్టం అలాగే ఉంది. అమెరికా వ్యవసాయ సబ్సిడీలో ఒక పెద్ద భాగం పండే పంటను చూసి రాదు, ఆ నేల పాత చరిత్రను చూసి వస్తుంది. ఇది తెలియకుండా ఫలానా కౌంటీకి ఇన్ని కోట్ల డాలర్ల సబ్సిడీ అనే వార్త చదివితే సగం కథే అర్థమవుతుంది.

తెలుగువాళ్లకు ఇది వింతగా తోచనక్కర్లేదు. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు కూడా వరి వేశావా, పత్తి వేశావా అని అడగలేదు. పట్టాదారు పాస్‌బుక్కులో ఉన్న ఎకరాలు చూసి, సీజన్‌కు ఎకరాకు మొదట 4,000, తర్వాత 5,000 రూపాయలు వేసింది. పంటతో ముడి లేకపోవడం రెండుచోట్లా ఒకటే. డబ్బు ఎవరి చేతికి చేరుతుందన్న దగ్గర రెండు దారులూ చీలిపోతాయి, ఆ సంగతి కాస్త ముందుకెళ్లాక.

పని జరిగే చోటు కౌంటీ ఆఫీసు. కేంద్ర వ్యవసాయ శాఖ కింద ఉండే ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీకి, అంటే ఎఫ్‌ఎస్‌ఏకి, దేశం మొత్తమ్మీద 2,000కు పైగా ఇలాంటి ఆఫీసులున్నాయి. ఒక్కోదానిపైన రైతులే ఓటేసి ఎన్నుకునే కౌంటీ కమిటీ ఉంటుంది. 3 నుంచి 11 మంది సభ్యులు, మూడేళ్ల పదవి. 1930ల మాంద్యం నాటి 'న్యూ డీల్' కార్యక్రమాల కాలం నుంచి ఈ కమిటీలున్నాయి. రేట్లు, ఫార్ములాలు వాషింగ్టన్‌లో తేలతాయి, కమిటీ చేతిలో ఉండేవి తగవులు: ఆలస్యంగా ఇచ్చిన నివేదిక ఒప్పుకోవాలా, వాన వల్ల విత్తలేకపోయానన్న మాట నమ్మాలా, పొలం రికార్డును రెండుగా విడగొట్టాలా. కమిటీ తీర్పు నచ్చకపోతే రాష్ట్ర కమిటీకి, ఆపైన నేషనల్ అప్పీల్స్ డివిజన్‌కు పోవచ్చు. నోటీసు అందిన 30 రోజుల్లోపు అప్పీలు చేయాలి. ఆ గడువు దాటి తలుపు తట్టేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు.

ఎఫ్‌ఎస్‌ఏ దృష్టిలో 'ఫార్మ్' అంటే రైతు మనసులో ఉన్న పొలం కాదు. అదొక నంబరు. ఆ నంబరు కింద ట్రాక్టులు, ట్రాక్టుల కింద ఫీల్డులు. గాలిలోంచి తీసిన ఫొటో మీద గీతలు గీసి ఒక్కో ఫీల్డుకు నంబరూ, ఎకరాలూ వేస్తారు. ఒకే రైతు నలుగురి దగ్గర కౌలుకు తీసుకుంటే అతని పేరు నాలుగు ఫార్మ్ నంబర్లలో ఉండొచ్చు. సర్వే నంబరు, సబ్ డివిజన్ తెలిసిన మనవాళ్లకు ఇది పాత పాఠమే.

ప్రతి ఫార్మ్ నంబరు పక్కనా 'బేస్ ఎకరాలు', అంటే చెల్లింపు లెక్కగట్టే ఎకరాలు, రాసి ఉంటాయి. గోధుమ బేస్ ఇంత, మొక్కజొన్న బేస్ ఇంత, జొన్న బేస్ ఇంత అని. ఇవి 1980ల చట్టాల నాటి విత్తనాల లెక్కల్లోంచి పుట్టాయి. 1996 చట్టం చెల్లింపును పంట నుంచి విడదీసింది. 2002లో యజమానులకు 1998–2001 విత్తనాల ప్రకారం బేస్ సరిచూసుకునే అవకాశం ఇచ్చారు. 2014లో 2009–2012 సాగును బట్టి ఉన్న బేస్‌నే పంటల మధ్య మళ్లీ పంచుకోనిచ్చారు, మొత్తం మాత్రం పెరగనివ్వలేదు. 2018 చట్టం ఇంకో మెలిక పెట్టింది: 2009 నుంచి 2017 దాకా ఫార్మ్ అంతా గడ్డి కిందే ఉంటే, బేస్ కాగితం మీద మిగులుతుంది కానీ డబ్బు రాదు. అందుకే ఒక క్వార్టర్ అమ్మకానికి వచ్చినప్పుడు ప్రకటనలో నేల రకంతోపాటు బేస్ ఎకరాలు కూడా రాస్తారు. బేస్ లేని నేలకూ ఉన్న నేలకూ ధర ఒకటి కాదు.

ఇక డబ్బు లెక్క. రెండు పథకాల్లో ఒకదాన్ని పంటవారీగా ఎంచుకోవాలి: పీఎల్‌సీ ధర పడిపోయినప్పుడు ఆదుకుంటుంది, ఏఆర్‌సీ ఎకరా రాబడి పడిపోయినప్పుడు. ఎంపిక, చేరిక సాధారణంగా మార్చి 15లోపు. 2025లో ఏప్రిల్ 15 దాకా ఇచ్చారు.

పీఎల్‌సీ సూటిగా ఉంటుంది. చట్టంలో ఒక రెఫరెన్స్ ధర ఉంటుంది. 2014, 2018 చట్టాల్లో గోధుమకు బుషెల్‌కు 5.50 డాలర్లు, మొక్కజొన్నకు 3.70, సోయాకు 8.40. గోధుమ బుషెల్ అంటే 60 పౌండ్లు, మన లెక్కలో 27.2 కిలోలు. అంటే 5.50 డాలర్లంటే క్వింటాలుకు సుమారు 20 డాలర్లు. మార్కెట్ సంవత్సరం మొత్తమ్మీద దేశ సగటు ధర దీనికంటే తగ్గితే ఆ తేడా కట్టిస్తారు. వెల్లింగ్టన్ ఎలివేటర్‌లో రైతు ఎంతకు అమ్మాడన్నది ఎవరూ అడగరు. ఎక్కువకు అమ్ముకున్నవాడికీ అంతే, తక్కువకు తెగనమ్ముకున్నవాడికీ అంతే.

ఒక ఊహాఫార్మ్ తీసుకుందాం. గోధుమ బేస్ 300 ఎకరాలు, రికార్డులో ఉన్న దిగుబడి ఎకరాకు 38 బుషెళ్లు, అంటే పది క్వింటాళ్ల పైచిలుకు. 2019 పంటకు గోధుమ సగటు ధర 4.58 డాలర్లుగా తేలింది. 5.50లోంచి తీసేస్తే 92 సెంట్లు. బేస్ మొత్తానికి డబ్బివ్వరు, 85 శాతానికే ఇస్తారు: 300 ఎకరాల్లో 255. దాన్ని 38తో గుణిస్తే 9,690 బుషెళ్లు, 92 సెంట్ల చొప్పున సుమారు 8,915 డాలర్లు. అందులోంచి కేంద్ర బడ్జెట్ కోత తీసేస్తారు. దాన్ని సీక్వెస్ట్రేషన్ అంటారు, ఈమధ్య ఏళ్లలో అది 5.7 శాతం. అదే ఫార్మ్‌కు 2022 పంట మీద వచ్చింది సున్నా, ఎందుకంటే ఉక్రెయిన్ యుద్ధంతో ఆ ఏటి సగటు ధర 8.83 డాలర్లకు ఎగబాకింది.

ఈ లెక్కలో 38 అనే అంకె కూడా పాతదే. ఇప్పుడు ఎకరాకు 50 బుషెళ్లు తీస్తున్నా ఫైలులో 38 ఉంటే 38కే డబ్బు. దిగుబడి అంకె సవరించుకునే వీలు చట్టం మారినప్పుడు మాత్రమే వస్తుంది, పైగా అది యజమాని చేతిలో ఉంటుంది. దూరాన ఉన్న యజమాని ఆ ఉత్తరాన్ని తెరవకుండా పక్కన పడేస్తే, ఏళ్ల తరబడి నష్టపోయేది సాగుదారు.

ఏఆర్‌సీలో చాలామంది ఎంచుకునే కౌంటీ రకం దగ్గరికొచ్చేసరికి కౌంటీ గీతే విధిరాత. గడిచిన ఐదేళ్లలో అన్నిటికంటే ఎక్కువదీ, తక్కువదీ వదిలేసి మిగతా మూడింటి సగటు తీస్తారు, కౌంటీ దిగుబడికి ఒకటి, ధరకు ఒకటి. రెండూ గుణిస్తే ఎకరా ప్రామాణిక రాబడి. అందులో 86 శాతం హామీ, చెల్లింపు 10 శాతానికి మించదు. 2025 జులైలో వచ్చిన చట్టం ఆ ఏటి పంట నుంచే హామీని 90 శాతానికి, పరిమితిని 12 శాతానికి పెంచింది. కౌంటీ ప్రామాణిక దిగుబడి 40 బుషెళ్లు, ధర 6.50 డాలర్లు అనుకుంటే ఎకరాకు 260 డాలర్లు. ఆ ఏడు కౌంటీ దిగుబడి 36, ధర 5.80 అయితే అసలు రాబడి 208.80. పాత హామీ 223.60, తేడా 14.80, మన 255 ఎకరాలకు 3,774 డాలర్లు. కొత్త హామీ 234, తేడా 25.20, మొత్తం 6,426. ఏడాది మారలేదు, వాన మారలేదు, చట్టంలో రెండంకెలు మారితే చెక్కు 70 శాతం పెరిగింది.

ఇక్కడ గమనించాల్సింది, లెక్కలోకి వచ్చేది కౌంటీ దిగుబడే, రైతు దిగుబడి కాదు. మే నెలలో వడగళ్లు కౌంటీలో ఒక ముక్కను తుడిచిపెట్టి మిగతా కౌంటీ బాగా పండితే, నష్టపోయిన రైతుకు ఏఆర్‌సీ పైసా ఇవ్వదు. తిరగేస్తే, కౌంటీ అంతా ఎండి తన బోరు కింద పొలం నిలబడ్డవాడికి డబ్బు పడుతుంది. అందుకే నీటిపారుదల ఎక్కువున్న కౌంటీల్లో తడి, మెట్ట దిగుబడులు విడిగా లెక్కగడతారు. 2014–18 మధ్య రోడ్డుకు అటూ ఇటూ ఉన్న కౌంటీల మధ్య చెల్లింపు తేడాలు పెద్ద గొడవ అయ్యాయి. అప్పుడు దిగుబడులు గణాంక శాఖ సర్వేల నుంచి వచ్చేవి, తగినంతమంది జవాబివ్వని కౌంటీలకు ఇంకో చోటి నుంచి అంకె తెచ్చేవారు. 2018 చట్టం పంటల బీమా రికార్డులకు మొదటి పీట వేసింది. అంతేకాక, రైతు ఏ కౌంటీ ఆఫీసులో ఫైలు నడుపుకుంటున్నా, ఏఆర్‌సీ లెక్క మాత్రం పొలం నిజంగా ఉన్న కౌంటీదే తీసుకోవాలంది.

రెఫరెన్స్ ధరలను కూడా అదే 2025 చట్టం పెంచింది. గోధుమ 6.35, మొక్కజొన్న 4.10, సోయా 10 డాలర్లు. 2025 పంటకు మాత్రం రైతు ఏది ఎంచుకున్నా సరే, రెండిట్లో ఏది ఎక్కువైతే అదే ఇస్తామన్నారు. పై ఊహాఫార్మ్‌లో ధర 5.80 దగ్గర ఆగితే పీఎల్‌సీ కింద 55 సెంట్ల చొప్పున సుమారు 5,330 డాలర్లు, ఏఆర్‌సీ కింద 6,426. కనుక ఏఆర్‌సీ.

చెక్కు ఎప్పుడొస్తుందన్నది కొత్త రైతును తికమకపెట్టే విషయం. గోధుమ మార్కెట్ సంవత్సరం జూన్ నుంచి మే దాకా, మొక్కజొన్నది సెప్టెంబర్ నుంచి ఆగస్టు దాకా. సగటు ధర తేలేదాకా లెక్క తేలదు. అందుకే 2025 జూన్‌లో కోసిన గోధుమ మీద డబ్బు 2026 అక్టోబర్ తర్వాతే. కోత తర్వాత పదహారు నెలలు. ఎరువుల బాకీ తీర్చడానికి ఈ డబ్బును నమ్ముకుంటే బ్యాంకువాడు నవ్వుతాడు. ఆపరేటింగ్ లోన్ ఇచ్చే బ్యాంకులు దీన్ని వచ్చే ఏటి ఆదాయంగానే రాసుకుంటాయి.

ఇప్పుడు ఆ డబ్బు ఎవరి చేతికి చేరుతుందో చూద్దాం. అమెరికాలో సాగుభూమి, పచ్చికభూమి కలిపి చూస్తే 39 శాతం దాకా కౌలు కిందే ఉందని 2014 నాటి కేంద్ర సర్వే తేల్చింది. కౌలు రెండు రకాలు. రొక్కం కౌలు అంటే మన మక్త లాంటిది: ఎకరాకు ఇంత అని ముందే మాట, పండినా ఎండినా అంతే. పాలు కౌలు అంటే మన కోరు: మూడోవంతో సగమో యజమానికి. రొక్కం కౌలులో పీఎల్‌సీ, ఏఆర్‌సీ డబ్బు మొత్తం సాగు చేసేవాడిది, ఎందుకంటే నష్టభయం అతనిది. పాలులో పంట ఎలా పంచుకుంటే డబ్బూ అలాగే చీలుతుంది.

తెలంగాణలో కౌలు రైతు ఎకరాకు ఎంత మక్త కట్టినా రైతుబంధు పట్టాదారు ఖాతాకే వెళ్లింది. 2025 జనవరిలో 6,000 రూపాయలతో మొదలైన రైతు భరోసా కూడా పట్టాదారుకే వేస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద పదకొండు నెలల కార్డు ఇచ్చి కౌలు రైతును లెక్కలోకి తెచ్చే ప్రయత్నం జరిగింది, దానికి యజమాని సంతకం కావాలి. ఆ సంతకం దగ్గరే బండి ఆగింది. కాన్సస్‌లో చట్టం సాగుదారు పక్షాన ఉంది కదా అనిపిస్తుంది. కానీ మరుసటి కౌలు మాట్లాడుకునే రోజున యజమానికి కూడా బేస్ ఎకరాలెన్నో తెలుసు, పోయినేడు చెక్కు ఎంతో తెలుసు. కౌలు ఎకరాకు పది డాలర్లు పెరుగుతుంది. సబ్సిడీ మెల్లగా కౌలులోకి, కౌలు నుంచి నేల ధరలోకి ఇంకిపోతుంది. ఈ విషయంలో అమెరికా చట్టం రైతుబంధు కంటే మర్యాదగా ఉందే తప్ప మరీ మెరుగ్గా లేదు.

పరిమితులూ ఉన్నాయి, వాటికి కంతలూ ఉన్నాయి. పీఎల్‌సీ, ఏఆర్‌సీ కలిపి ఒక మనిషికి ఏడాదికి 1,25,000 డాలర్లు దాటకూడదన్నది 2014 నుంచి ఉన్న గీత. 2025 చట్టం దాన్ని 1,55,000 చేసి, ఏటా ధరల సూచీతో పెరిగేలా కట్టింది. మూడేళ్ల సగటు ఆదాయం 9,00,000 డాలర్లు దాటినవాడికి ఏమీ రాదు. కానీ గీత మనిషికి. జనరల్ పార్ట్‌నర్‌షిప్‌గా సాగు చేస్తే సభ్యులు ఎంతమందో అన్ని పరిమితులు. తండ్రి, ఇద్దరు కొడుకులు, వాళ్ల భార్యలు కలిస్తే ఐదు. 2018 చట్టం కుటుంబం అన్న మాటను మేనల్లుళ్లు, మేనకోడళ్లు, పెదనాన్న పినతండ్రి మేనమామ బిడ్డల దాకా సాగదీసింది. 2025 చట్టం ఎల్‌ఎల్‌సీలకూ, అంటే పరిమిత బాధ్యత సంస్థలకూ, ఇదే వెసులుబాటు ఇచ్చింది. ప్రతి సభ్యుడూ సాగులో 'చురుకుగా' ఉండాలన్నది షరతు: నేలో పెట్టుబడో యంత్రాలో పెట్టడం, దానితోపాటు ఒంటి కష్టమో నిర్వహణో చేయడం. ఒంటి కష్టానికి కొలత ఏడాదికి 1,000 గంటలు, లేదా కావలసిన కష్టంలో సగం, ఏది తక్కువైతే అది. కుటుంబ సాగుల్లో నిర్వహణకు అలాంటి కొలత లేదు. ఫోనులో ధరలు చూసి సలహా చెప్పడం నిర్వహణేనా అని తేల్చడం ఏ కౌంటీ కమిటీకైనా తలనొప్పే, తేల్చాల్సినవాడు చర్చిలో పక్క బెంచీ మీద కూర్చునేవాడైతే మరీ.

డబ్బు ఆగిపోయేది ఎక్కువగా కాగితం దగ్గర. సాగు ప్రణాళిక, ఆదాయ ధ్రువీకరణ, నేల-తేమభూముల హామీ అని మూడు ఫారాలు ఫైలులో ఉండాలి: సీసీసీ-902, సీసీసీ-941, ఏడీ-1026. మూడోది చాలామంది చదవకుండా సంతకం పెట్టేది. 1985 డిసెంబర్ 23 తర్వాత తేమభూమిని ఎండగట్టి సాగులోకి తెస్తే, మట్టి ఎక్కువగా కొట్టుకుపోయే ఏటవాలు నేలను ప్రణాళిక లేకుండా దున్నితే, ఆ రైతుకు అన్ని ఫార్ములమీదా చెల్లింపులు ఆగిపోతాయి. కొత్తగా కొన్న నేలలో పాత యజమాని తవ్విన కాలువ కొత్తవాడి మెడకు చుట్టుకున్న సందర్భాలు తక్కువేమీ కాదు.

నాలుగోది విత్తన నివేదిక, ఎఫ్‌ఎస్‌ఏ-578. ఆంధ్రప్రదేశ్ రైతులకు ఈ-క్రాప్ నమోదు ఏమిటో ఇది అదే. వసంతకాలపు పంటలకు చాలా రాష్ట్రాల్లో గడువు జులై 15, చలికాలపు గోధుమకు అంతకు ఎంతో ముందు. ఫొటో పటం మీద ఫీల్డువారీగా ఏ పంట, ఎన్ని ఎకరాలు, తడా మెట్టా, ఎవరి వాటా ఎంత అని చెప్పాలి. జూన్‌లో విత్తిన సోయా మొలవక మళ్లీ జొన్న వేస్తే రెండూ చెప్పాలి. పీఎల్‌సీ డబ్బు బేస్ మీద కదా, వేసిన పంట చెప్పడమెందుకు అని కొందరు ఎగ్గొడతారు. బేస్ ఎకరాల మీద కూరగాయలు, పండ్లు 15 శాతం మించి వేస్తే మించిన ప్రతి ఎకరాకూ చెల్లింపు తగ్గుతుంది కనుక ఎఫ్‌ఎస్‌ఏకి ఆ లెక్క కావాలి. దానికంటే పెద్ద కారణం ఇంకొకటుంది, అది చివర్లో.

చావు కూడా చెల్లింపును ఆపుతుంది. యజమాని పోయి ఎస్టేటు కోర్టులో ఉంటే ఎవరి సంతకం చెల్లుతుందో తేలేదాకా ఫైలు కదలదు. నలుగురు వారసులు క్వార్టర్‌ను పంచుకుంటే రికార్డును విడగొట్టాలి, బేస్‌ను పంచాలి. ఫార్మ్‌కు మొత్తం బేస్ 10 ఎకరాలో అంతకంటే తక్కువో మిగిలితే, కొత్త రైతులు, మాజీ సైనికుల వంటి కొన్ని వర్గాలకు తప్ప డబ్బు రాదు. పట్టణం అంచున ముక్కలైన నేలల్లో బేస్ ఇలాగే ఆవిరైపోతుంది.

ఇంతదాకా చెప్పినవి చట్టంలో పక్కాగా ఉన్నవి. కౌంటీ లెక్కల్లో కొన్నేళ్లు ఒక్కసారిగా ఆకాశాన్నంటడానికి కారణం వేరే, అప్పటికప్పుడు ప్రకటించే సాయాలు. చైనాతో సుంకాల తగాదా వచ్చినప్పుడు 2018లో 12 వందల కోట్ల డాలర్లు, 2019లో 16 వందల కోట్లు ప్రకటించారు. మొదటి ఏడు బుషెల్ లెక్క: సోయాకు 1.65 డాలర్లు, మొక్కజొన్నకు ఒక సెంటు. మొక్కజొన్న రైతులు ఆ ఒక సెంటును ఎన్నాళ్లు వెక్కిరించారో చెప్పనక్కర్లేదు. మరుసటి ఏడు పంటతో పని లేకుండా కౌంటీకొక రేటు పెట్టారు, ఎకరాకు 15 నుంచి 150 డాలర్ల మధ్య. ఆ కౌంటీ పాత పంటల కలయికను బట్టి రేటు. పత్తి, సోయా ఎక్కువున్న కౌంటీలో జొన్న వేసినవాడికీ పెద్ద రేటే. గీతకు ఇవతల గోధుమ కౌంటీలో ఉన్నవాడికి, అదే సోయా వేసినా, చిన్న రేటు. 2024 పంటలకు ఇచ్చిన అత్యవసర సాయంలో మళ్లీ పంటవారీ ఎకరా రేట్లకు వచ్చారు: గోధుమకు 30.69, మొక్కజొన్నకు 42.91, పత్తికి 84.74 డాలర్లు. ఇవి బేస్ మీద కాదు, 578లో రాసిన విత్తనం మీద. ఎగ్గొట్టినవాడు ఇక్కడ దొరికిపోయాడు.

పశువులకు గడ్డి కరువు సాయం ఉంది, అదీ కౌంటీవారీగానే. వారం వారం గురువారంనాడు విడుదలయ్యే కరువు పటంలో కౌంటీలో ఒక మూల రంగు ముదిరినా మొత్తం కౌంటీకి అర్హత వస్తుంది. ఆ పటం మీద ఉన్నంత ఆసక్తి పశువుల కాపరులకు వాన సూచన మీద కూడా ఉండదు.

నేలను పదేళ్ల నుంచి పదిహేనేళ్లు గడ్డికి వదిలేస్తే ఏటా అద్దె ఇచ్చే పరిరక్షణ పథకం, సీఆర్‌పీ, 1985 నుంచి ఉంది. మనిషికి ఏడాదికి 50,000 డాలర్లు పరిమితి. ఇందులో కౌంటీకి ఒక గట్టు కట్టారు: సాగుభూమిలో 25 శాతానికి మించి ఈ పథకం కిందికి పోకూడదు. నేల పడుకుంటే యజమానికి అద్దె వస్తుంది కానీ విత్తనాల కొట్టు, ఎరువుల డీలరు, ఎలివేటర్, ట్రాక్టర్ మెకానిక్ ఖాళీగా కూర్చుంటారు, ఊళ్లో బడి పిల్లలు తగ్గుతారు. సబ్సిడీ ఊరికి వచ్చినా ఊళ్లో తిరగదన్న సంగతి ఈ ఒక్క నిబంధనలో చట్టమే ఒప్పుకుంది.

అన్నిటికంటే బరువైన సబ్సిడీ మాత్రం ఎఫ్‌ఎస్‌ఏ కౌంటర్‌లో కనిపించదు. పంటల బీమా ప్రీమియంలో సగటున 60 శాతం దాకా ప్రభుత్వమే భరిస్తుంది. ప్రైవేటు ఏజెంట్లు అమ్ముతారు, ఆదాయ పరిమితి లేదు, మనిషికింత అన్న గీత లేదు. పైగా ఎవరికి ఎంత అన్నది చట్టప్రకారం గోప్యం. ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే స్వచ్ఛంద సంస్థ 1995 నుంచి జరిగిన చెల్లింపుల వివరాలు సేకరించి, పేర్లతో సహా బయట పెడుతోంది. అందులో బీమా సబ్సిడీ మొత్తంగా కనిపిస్తుందే తప్ప పేరు వెంట కనిపించదు. కనుక జాబితాలో మొదటి పేరు చూసి ఇతనే అందరికంటే ఎక్కువ పొందాడని తేల్చేయడం పొరపాటు. ఇంకో పొరపాటు చిరునామా. జాబితాలో ఉండేది ఉత్తరాలందుకునే ఊరు. వెల్లింగ్టన్ పక్కన నేలున్న వారసుడు కాలిఫోర్నియాలో ఉంటే అక్కడే కనిపిస్తాడు. పార్ట్‌నర్‌షిప్ పేరు మీద పడ్డ పెద్ద అంకెను ఐదుగురితో భాగించాలి. ఒక ఏడాది అంకె కాకుండా పదేళ్లది చూడాలి, ఎందుకంటే 2022లో సున్నా వచ్చినవాడికి 2019లో మూడు పద్దుల కింద వచ్చి ఉండవచ్చు.

ఇక ఆ 578 సంగతి. 2025 చట్టం 2002 తర్వాత తొలిసారి కొత్త బేస్ ఎకరాలు పుట్టిస్తోంది, దేశం మొత్తమ్మీద 3 కోట్ల ఎకరాల వరకు, 2026 పంట నుంచి. 2019 నుంచి 2023 దాకా ఐదేళ్ల సగటు సాగు ఇప్పటి బేస్ కంటే ఎక్కువున్న ఫార్ములకు ఆ తేడా కలుస్తుంది. దేశవ్యాప్తంగా లెక్క 3 కోట్లు దాటితే అందరికీ సమపాళ్లలో కోస్తారు. యజమాని వద్దనుకుంటే వదులుకోవచ్చు. ఆ సగటుకు ఆధారం ఆ ఐదేళ్లలో కౌంటీ ఆఫీసుకు ఇచ్చిన విత్తన నివేదికలు. 2020 జులైలో ఎండకు బద్ధకించి కౌలుదారు 578 ఇవ్వకపోతే, ఆ ఏటి సాగు ఈ సగటులోకి రాదు. ఆ క్వార్టర్ ఇప్పుడు మరొకరి కౌలులో ఉండవచ్చు, రాని బేస్ మాత్రం నేల వెంటే ఉంటుంది.